మల్లవ్వ మగ్గం దిగిన సంగతి

శ్రీయుత కార్యక్రమ అధికారి గారికి,
ఇరుగుపొరుగు దేశాల స్త్రీ పురుష సమానత్వ నిధి,
జిల్లా కార్యాలయం, హన్మకొండ.

అర్జీదారు: తాహెరా బేగం, భర్త కరీముద్దీన్, కార్యదర్శి, పంజా మహిళా సంఘం, కొత్తవాడ, వరంగల్.

అయ్యా,

విషయం: ఆడవారి సమానత్వ ప్రాజెక్టుకు మగవానిని నాయకుడిగా నియమించిన తమ ఉత్తర్వును పునఃపరిశీలించుట గురించి.

పై విషయమై తమ సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా:

1. మాది దర్రీలు, అనగా జంపఖానాలు, నేసే ఆడవారి సంఘం. పంజా అనగా నేతలో పోగును దగ్గరగా కొట్టి కూర్చే ఇనుప పళ్ల పనిముట్టు. మా వాడలో దానిని మగవాడు పట్టుకోవాలని, ఆడమనిషి నూలు కండెలు చుట్టి అందించాలని రివాజు. రివాజు రివాజే గానీ, మగవారి నడుములు పోయిన ఇళ్లలో నేసేది ఆడవాళ్లే. పేరు మాత్రం మగవారిదే. నేను మొదట్లో జాకెట్లు కుట్టుకునేదాన్ని. నాకు పంజా పట్టడం నేర్పినది మా పక్కింటి మల్లవ్వ. పెద్ద దర్రీకి ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి గనుక ఆమె కుడి పక్కన, నేను ఎడమ పక్కన కూర్చుని నేస్తూ వచ్చినాము. ఆమె భర్త బాలకిషన్ నడుము నొప్పితో మగ్గం మానేసి చాలా కాలమైనది. మంచివాడే. నవ్వుతూ, నవ్విస్తూ ఉంటాడు.

2. రెండు దేశాల ఆడవారు కలిసి దరఖాస్తు చేసుకుంటే గ్రాంటు ఇస్తామని తమ ప్రకటన వచ్చినది. నేపాల్‌లో ఒక కొండ ఊరి నేతగత్తె దిల్‌మాయ ఫోను నంబరు మాకు ఒక ప్రదర్శనలో దొరికింది. వాళ్ల ఊళ్లో నేసేది ఆడవాళ్లు, అమ్మేది ఆడవాళ్లు, నేసిన సంచి మీద పేరు కూడా వాళ్లదే. వాళ్లు ఇక్కడికి, మేము అక్కడికి పోయి పని నేర్చుకోవాలని, మా వాడ ఆడవారిని నేతకారులుగా రాయించాలని దరఖాస్తులో రాసినాము. రాసింది నేను. చెప్పింది మల్లవ్వ. నా దక్కనీ హిందీ విని దిల్‌మాయ కిలకిలా నవ్వేది. మల్లవ్వకు హిందీ ముక్క రాదు. అయినా నా చేతిలో ఫోను గుంజుకుని, మగ్గం చూపించి, “ఇగ జూడు చెల్లె, గిట్ల కొట్టాలె” అనేది. అవతల ఆమె తన భాషలో ఏదో చెప్పేది. వాళ్లిద్దరికీ నా అవసరం ఉండేది కాదు. ఆ రోజుల్లో నేను చాలా సంతోషంగా ఉన్నాను, ఆ మాట ఇక్కడ రాయవచ్చునో లేదో తెలియదు.

3. తమరు తనిఖీకి వస్తున్నారని కబురు రాగానే మేమంతా మాట్లాడుకున్నాము. ఆ రోజు ఆడవాళ్లే మగ్గాల మీద ఉండాలి, బాలకిషన్ చాయ్ పెట్టాలి. “నేను పెట్టే చాయ్ తాగితే సార్ గ్రాంటు కాన్సిల్ జేస్తడు” అని ఆయన నవ్వినాడు కూడా. తమ జీపు వీధి మలుపు తిరిగేదాకా మల్లవ్వ నా పక్కనే ఉన్నది. జీపు ఆగిన చప్పుడుకు కొంగు తల మీదికి లాక్కుని మగ్గం దిగింది. ఎవరూ దిగమనలేదు. పొయ్యి దగ్గరున్న బాలకిషన్ వచ్చి ఆమె చోట కూర్చున్నాడు. ఆయననూ ఎవరూ కూర్చోమనలేదు. తమరు ఆయన వైపు చూసి, “ఇక్కడ నేసేది ఎవరు?” అని అడిగినారు. తలుపు దగ్గర నిలబడ్డ మల్లవ్వ, “మా ఆయనే సార్. నేను కండెలు సుడుత” అన్నది.

ఇందులో తమకు తెలియని సంగతి ఒకటి ఉన్నది. చేనేత సొసైటీ నూలు ఇవ్వడానికి చూసే నేత కార్డు మగవారి పేరున ఉంటుంది. నేసేది నేనే అని ఆడమనిషి నోరు జారితే కార్డు పోతుందని, నూలు రాదని, అత్తల కాలం నుంచి మా వాడలో భయం. అందుకే ఏ అధికారి వచ్చినా ఆడవాళ్లు మగ్గం దిగుతారు, ఇదే మాట చెబుతారు. సమానత్వం చూడటానికి వచ్చిన అధికారికి కూడా మల్లవ్వ అదే చెప్పినది. అది అలవాటు. దానికి నేను ఆమెను తప్పు పట్టడం లేదు.

4. కానీ నేను అప్పుడే, “సార్, నేసేది ఆమెనే” అన్నాను. తమరు ఆమెను అడిగినారు. ఆమె నేల చూస్తూ మళ్లీ అదే మాట అన్నది. తరువాత తమ ఉత్తర్వు వచ్చినది. “క్షేత్ర పరిశీలనలో నేతకారుడు శ్రీ బాలకిషన్ అని నిర్ధారణ అయినందున, భార్య శ్రీమతి మల్లవ్వ సమ్మతి మీద, ఆయనను సమానత్వ నాయకుడిగా నియమించడమైనది. తాహెరా బేగం సేవలను అనువాదమునకు వినియోగించుకొనవచ్చును.” నేపాల్ వెళ్లేవారిగా ఆయన పేరుతో పాటు ఆయన సొసైటీ మిత్రుల పేర్లు కూడా ఉన్నవి. ఆడవారి సమానత్వం నేర్చుకోవడానికి మా వాడ నుంచి మీసాలు పోతున్నవని దిల్‌మాయకు నేను ఏ హిందీలో చెప్పాలి? మన్నించగలరు, ఇది కార్యాలయ భాష కాదు.

5. సమ్మతి అన్నారు గనుక మల్లవ్వ ఇంటికి పోయి అడిగినాను. సంతకం చేసిన మాట నిజమే. “ఏం జెయ్యాలె తాహెరక్కా? కార్డు పోతే నూలు నువ్విస్తవా?” అన్నది. నా దగ్గర నూలు లేదు. అంతటితో అయిపోతే ఈ అర్జీ ఉండేది కాదు. రెండు రోజులకు ఆమే మా గడప తొక్కింది. మాట కలుపుకోవడానికి వచ్చిందనుకుని చాప వేసినాను. “శుక్రవారం దిల్‌మాయ వాళ్లు నేపాల్ నుంచి వస్తున్నరట. ఆఫీసోళ్ల సభల ఆల్ల ముంగట ఆయన మాట్లాడాలెనట. ఆయనకు హిందీ రాదు. జర రాసియ్యరాదే అక్కా” అన్నది. ఆయన మాట్లాడవలసిన విషయం ఏమిటంటే, కుటుంబంలో స్త్రీ పాత్ర.

ఆమె పోయాక నాకు ఏడుపు వచ్చింది. మా ఆయన కరీముద్దీన్, “ఊకో తాహెరా. ఆల్లు ఆల్లు ఒకటైతరు. నడుమ నువ్వెందుకు దూరినవ్?” అన్నాడు. ఆ మాట నాకు ముల్లులాగా గుచ్చుకున్నది. ఆమె పక్కన కూర్చున్నన్ని రోజులూ, నేను నడుమ దూరినదానిని అని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు.

6. ఈ అంశం తమ పరిధిలోనిది కాదని తెలుసు. ఉత్తర్వు తప్పయితే తమకు అర్జీ పెట్టుకోవచ్చు. పక్కన కూర్చుని పని నేర్పిన మనిషి అందరి ముందు నన్ను అబద్ధాలకోరును చేసి, మళ్లీ నా చేతనే ఉపన్యాసం రాయించుకోవడానికి వస్తే, దానికి అర్జీ ఏ కార్యాలయంలో పెట్టుకోవాలో తమరే సెలవియ్యాలి.

కావున తమరు దయతో పై ఉత్తర్వును నిలిపివేసి, కబురు పెట్టకుండా, జీపు వాడ బయట ఆపి, నడిచి వచ్చి మగ్గాల మీద ఎవరున్నారో కళ్లారా చూడవలెనని, మల్లవ్వ సమ్మతిని ఆమె భర్త లేని చోట మరొకసారి అడగవలెనని, నా మొర చిత్తగించవలెనని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయురాలు (అనువాదమునకు మాత్రము కాదు),
తాహెరా బేగం

తాజా కలం: కవరు అంటించబోతుండగా మల్లవ్వ ఉపన్యాసం కోసం వచ్చింది. నేను కోపంతో ఒకటి రాసి పెట్టి ఉన్నాను. “నేను పంజా ముట్టక ఏళ్లయింది. మా ఇంట్లో నేసేది నా భార్య. అధికారి వస్తే ఆమె దిగింది, నేను ఎక్కి కూర్చున్నాను” అని అందులో ఉన్నది. హిందీలో ఇచ్చి ఊరుకుందామనుకున్నాను. మనసు ఒప్పక ఆమెకు తెలుగులో చదివి వినిపించినాను. చివరిదాకా విన్నది. కాగితం నా చేతికే తిరిగి ఇచ్చింది.

“ఇది ఆయన జెప్పుడేంది? నేనే జెప్త. నువ్వు పక్కకు నిలవడి ఆ దిల్‌మాయకు హిందీల జెప్పు.”

“మరి కార్డు?” అన్నాను.

ఆమె చేతులు కొంగులో దాచుకున్నది. వెళ్లిపోయింది.

అయ్యా, ఒకసారి మగ్గం దిగిన మనిషి. శుక్రవారం దాకా ఈ మాట మీద ఉంటుందని నాకు నమ్మకం కుదరడం లేదు. అందుకే అర్జీ వెనక్కి తీసుకోవడం లేదు. కానీ సభలో ఆమె లేచి నిలబడితే మాత్రం, తమరు దయచేసి బాలకిషన్ వైపు చూడకండి. ఆమె నోరు తెరిచేదాకా ఆమె ముఖమే చూస్తూ ఉండండి.