గోరీ అవ్వ గొంతున్న పాత డిస్క్

ప్రభుదాస్,

చచ్చిపోయిన గోరీ అవ్వను నువ్వు మళ్లీ చంపావు. మన హక్కుల సంఘం కంప్యూటర్ నత్తలా నడుస్తోందని, బాగు చేయించుకు రమ్మని నిన్ను చిట్యాల పంపితే, పాత హార్డ్ డిస్క్ దుకాణంలో ఇచ్చేసి, ధర తగ్గించుకుని కొత్తది వేయించుకొచ్చావు. "జర చూడన్నా, ఎట్ల ఉరుకుతుందో!" అని మురిశావు. తన పోడు భూమి గురించి అవ్వ చెప్పిన సాక్ష్యం ఆ పాతదాంట్లోనే ఉంది. వచ్చే వారం విచారణలో ఆమె కొడుకు మంగీలాల్ వినిపించాల్సింది అదే. కాగితం లేని మనిషికి ఆ గొంతే పట్టా. ఇంకో కాపీ లేదు. దుకాణమాయన "గా డిస్కా? ఖాళీ జేసి ఎప్పుడో అమ్మినం సార్" అన్నాడు. హక్కుల మీద ఉపన్యాసాలిచ్చే మనకు సిగ్గుందా?

నా డిమాండ్లు ఇవి:

ఆ డిస్క్ ఎవరు కొన్నారో కనుక్కో. చెరిపేసిన గొంతును మళ్లీ బయటికి తీయించగలమేమో చూద్దాం.

ఆదివారం తండాకు వచ్చి మంగీలాల్‌కు నీ నోటితో చెప్పు.

నన్నూ పక్కన నిలబెట్టు. పాతది ఇచ్చి ధర తగ్గించుకోమని నీకు చెప్పింది నేనే.