బిందెల వరస

ప్రియమైన మీకు,

ఉత్తరం అందింది. జలుబు మళ్ళీ పట్టుకుందని రాశారు. గోతుల్లో దిగి పైపులు బిగించేటప్పుడు తలకి ఏదైనా కట్టుకోండని ఎన్నిసార్లు చెప్పాలి? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది నా పని.

నేను బాగానే ఉన్నాను. నర్సమ్మ వచ్చి చూసింది. కడుపులో బిడ్డ తెగ తిరుగుతోందట. అచ్చం మీ పోలికే, ఒక చోట కుదురుగా ఉండదన్నమాట. బరువులు మాత్రం ఎత్తొద్దని గట్టిగా చెప్పింది. "పోయినసారి ఏమైందో గుర్తుందిగా" అంది. గుర్తులేకపోవడమేమిటి! నిండు బిందె చంకన పెట్టుకుని వస్తూ వీధి మధ్యలో కూలబడిన ఆ పొద్దు నాకు రోజూ గుర్తొస్తుంది. ఈసారి అలా జరిగితే నేను తట్టుకోలేనండీ.

అందుకే నిన్న ఊరి సభకి వెళ్ళాను. ఊరు బాగుపడాలంటే ఏం చెయ్యాలో ఎవరికి తోచింది వాళ్ళు చెప్పమన్నారు పెద్దాయన. అంతే, తేనెతుట్టె కదిలినట్టయింది. టైలరు వీధి దీపాలన్నాడు. పిండిమర వదిన రోడ్డు గుంటలంది. పోస్టుమాన్ కుక్కల బెడద చెప్పాడు, పంట్లాం పైకి లాగి పిక్క చూపించి మరీ. నేను లేచి ఇంటింటికీ కుళాయి కావాలన్నాను. నా గొంతు సంగతి మీకు తెలుసుగా, వెనక బల్లల మీద కునుకు తీస్తున్నవాళ్ళు కూడా సర్దుకుని కూర్చున్నారు. అడగందే అమ్మయినా పెట్టదు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఒక్క వరస పిన్ని తప్ప. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి! మనం తెల్లారగానే వీధి కుళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టేసి ఎవరి పనులు వాళ్ళు చూసుకుంటాం కదా, ఆ వరసకి కాపలా కాస్తూ గట్టు మీద కూర్చోకపోతే ఆవిడకి పొద్దు గడవదు, అందుకేగా ఆ పేరు. ఎవరి బిందైనా కనబడకపోతే వాళ్ళింటికి పోయి తలుపు దబదబా బాది, "బిందె రాలేదేం, బతికే ఉన్నావా?" అని అరుస్తుంది. నిన్న సభలో ఏమందో తెలుసా? "ఇంట్లోకే నీళ్ళొస్తే ఇక వీధిలోకి ఎవరొస్తారే?" అంది. జనం ఒకటే నవ్వు.

నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. మొన్న నా కడుపు చూసైనా ముందు పట్టుకోనిస్తుందేమోనని అడిగితే, "వరస వరసే" అని పదిమందిలో అనేసింది. నా వంతు వచ్చాక బిందె తనే మోసుకొచ్చి మన గడపలో దించి పోతుందనుకోండి. ఆ మోసేదేదో నోరు మూసుకుని మొయ్యొచ్చు కదా! దారి పొడుగునా సాధిస్తూనే ఉంటుంది.

కుళాయి ఎలా సాధించాలో మీరే చెప్పాలి. ఇంట్లో పైపుల మేస్త్రీని పెట్టుకుని బిందె మోసే ఆడదాన్ని ఊళ్ళో నేనొక్కదాన్నే.

మీ
కంచుగంట


ప్రియమైన నా కంచుగంటకి,

నీ ఉత్తరం చదువుతుంటే పక్క మంచం వాడు "ఎవరో అరుస్తున్నట్టుందే" అన్నాడు. కాగితంలోంచి కూడా వినిపిస్తావు నువ్వు.

పని సంగతికొస్తా. మన ఊరి ట్యాంకు చిన్నది, మెయిను పైపు సన్నది. మన ఇల్లు లైనుకి చిట్టచివర, పైగా మెరక మీద. వీధి కుళాయేమో పల్లంలో ఉంది. నీళ్ళకి మొహమాటం ఉండదు, పల్లమెటైతే అటే పోతాయి. కాబట్టి ఇళ్ళకి కనెక్షన్లు ఇచ్చిన రోజే వీధి కుళాయికి బిరడా కొట్టేయమని పెద్దాయనతో చెప్పు. అది తెరిచి ఉంటే చివరి ఇళ్ళకి నీళ్ళు ఎక్కవు. నా పేరు చెప్పి అడుగు, మేస్త్రీ మాటంటే వింటారు.

పిన్నితో గొడవ పెట్టుకోకు. ఆవిడ నోరు చేదే కానీ నీ బిందె మోస్తున్నది ఆవిడే కదా, నేను కాదు. ఈ కాంట్రాక్టు పూర్తయ్యేదాకా మేస్త్రీలెవరికీ సెలవు లేదన్నారు. నీ దగ్గర ఉండాల్సిన రోజుల్లో ఎవరి వీధుల్లోనో గోతులు తవ్వుతున్నాను. ఆ బాధ ఎవరితో చెప్పుకోను?

నీ
మేస్త్రీ


ప్రియమైన మీకు,

వచ్చేసిందండీ! వంటింటి వెనక, గోలెం పక్కనే. తిప్పగానే బుస్సుమని గాలి, తర్వాత ఎర్రనీళ్ళు, ఆ తర్వాత తెల్లటి ధార. చెయ్యి కింద పెట్టి పిచ్చిదానిలా నవ్వుకుంటూ నిలబడ్డాను. మీరు చెప్పినట్టే వీధి కుళాయికి బిరడా కొట్టించారు. పొద్దున పూట కాసేపే నీళ్ళు వదులుతారు కానీ, అవి చాలు. మొత్తం లైను మీద మనదే చివరి ధార, అయినా బాగానే వస్తోంది. బడి మాస్టారు నన్ను వీధిలో ఆపి మరీ మెచ్చుకున్నారు.

వీధి మాత్రం బోసిపోయింది. పిండిమర వదినని చూసి ఎన్నాళ్ళయిందో. టైలరు భార్య పుట్టింటికి వెళ్ళి, ఉండి, తిరిగి కూడా వచ్చిందట. నాకు తెలియనే తెలియదు. అయినా ఎవరి ఇల్లు వాళ్ళకి హాయిగా ఉంది, గొడవల్లేవు.

పిన్ని మాత్రం ఇంకా పొద్దున్నే వెళ్ళి, బిరడా కొట్టిన కుళాయి కింద ఖాళీ బిందె పెట్టి గట్టు మీద కూర్చుంటోంది. తనింట్లో కుళాయి ఉంది, వంటింట్లోకే వేశారు. అయినా పంతం! మొన్న నేను అటు పోతుంటే, "ఏమే, నీ బిందె ఏదీ?" అంది. "నా బిందె మా ఇంట్లో నిండుతోంది పిన్నీ, నువ్వు కూడా లేచి ఇంటికి పో" అన్నాను. అప్పటినుంచి నాతో మాటల్లేవు. నాకూ ఏం పట్టలేదు.

మీ
కంచుగంట


ప్రియమైన కంచుగంటకి,

ఎర్రనీళ్ళు నాలుగు రోజులు పోనిచ్చి తాగు, కొత్త పైపులో తుప్పు ఉంటుంది. నువ్వు చెయ్యి తడుపుకుని నవ్వావని చదివి నేనూ ఇక్కడ నవ్వుకున్నాను. మధ్య మధ్యలో తుమ్ముతూనే అనుకో.

పిన్ని సంగతి మాత్రం నాకు బాగోలేదు. ఒంటి మనిషి. మనింటికి నాలుగు గడపల అవతల ఉంటుంది. మాటల్లేకపోతే పోనీ, ఒకసారి వెళ్ళి పలకరించు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నీ కోపం ముక్కు మీదుంటుందని తెలుసు కాబట్టే చెబుతున్నా.

నీ
మేస్త్రీ


ప్రియమైన మీకు,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చించేశాను, మళ్ళీ రాస్తున్నాను. ముందే చెబుతున్నా, నాకూ కడుపులో బిడ్డకీ ఏం కాలేదు, కంగారుపడకండి.

పిన్ని దగ్గరికి వెళ్ళమన్నారుగా. వెళ్ళాను. ఎలా వెళ్ళానో వినండి.

ఆ పొద్దున మన కుళాయికి నీళ్ళు రాలేదు. బొట్టు బొట్టు కారుతోంది. ఎవరు దారి మళ్ళించారా అని వీధిలోకి వచ్చి చూస్తే, పిన్ని గడప కింద నుంచి నీళ్ళు ధారగా పారి వీధంతా మడుగు కట్టాయి. నా కోపం నషాళానికంటింది. కుళాయి వద్దని అంది, ఎవరూ వినలేదు, ఇప్పుడు నీళ్ళన్నీ వీధిపాలు చేసి కక్ష తీర్చుకుంటోంది అనుకున్నాను. నేనే కాదు, అందరూ అదే అన్నారు. పిండిమర వదిన కూడా వచ్చింది, టైలరు భార్యా వచ్చింది. చాలా రోజుల తర్వాత అందరం ఒక చోట చేరాం, తిట్టడానికి.

నేను ఆ తలుపు ముందు నిలబడి ఎంతెంత మాటలన్నానో రాయలేను. "నీకెవరూ లేరని ఊరందరి గొంతూ ఎండగడతావా?" అన్నాను. అదొక్కటి రాస్తున్నాను, మిగతావి మీరు ఊహించుకోండి. లోపల్నుంచి పలుకు లేదు. చూశావా పొగరు అనుకున్నాం. కాసేపటికి నీళ్ళు ఆగిపోయాయి. నా నోటికి జడిసి కుళాయి కట్టేసిందని వదిన నా వీపు తట్టింది. నేను మురిసిపోయాను. అది ట్యాంకు వాల్వు కట్టేసే వేళ అని ఒక్కరికీ తట్టలేదండీ. మేస్త్రీ పెళ్ళాన్ని, నాకూ తట్టలేదు.

మర్నాడు పొద్దున నీళ్ళు వదలగానే మళ్ళీ ఆ గడప కింద నుంచి ధార మొదలైంది. పోస్టుమాన్ అటు వస్తూ, చెప్పులు తడుస్తున్నాయని విసుక్కుంటూ తలుపు తోశాడు. గడియ కూడా వెయ్యలేదు. ఊరికే దగ్గరగా వేసి ఉంది.

బిందె పట్టుకుంటూ జారిపడిందట. తుంటి ఎముక విరిగింది. కుళాయి అందలేదు. ఆ నీళ్ళలోనే ఒక పగలు, ఒక రాత్రి. పిలిచింది కూడానట. ముందు నీళ్ళ చప్పుడు, మా అరుపులు, ఆ పైన ఖాళీ వీధి. ఎవరికి వినబడుతుంది?

బండిలో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నేను దూరంగా నిలబడ్డాను. వెళ్ళలేకపోయాను. ఆ రోజు నా మాటలు ఆవిడ విందో లేదో తెలియదు. ఆ ఒక్క సంగతే నన్ను తినేస్తోంది. వినలేదంటే చాలు, నాకింకేమీ వద్దు.

ఇట్లు,
మీ భార్య


ప్రియమైన నీకు,

నీ గొంతు లేని ఉత్తరం చదవడం ఇదే మొదటిసారి. నాకు భయమేసింది.

నీ తప్పేం లేదని రాయను, నువ్వు నమ్మవు. కానీ అంతా నీ నెత్తినే వేసుకోకు. వీధి కుళాయికి బిరడా కొట్టమన్నది నేను. నీళ్ళు ఎటు పోతాయో లెక్క వేశాను, మనుషులు ఎటు పోతారో పిన్ని చెప్పింది. ఆ రోజు నేనక్కడ ఉన్నా నవ్వేవాళ్ళలో ఒకణ్ణే అయ్యేవాణ్ణి.

విందో లేదో ఇంట్లో కూర్చుంటే తేలదు. వెళ్ళి అడుగు.

నీ
మేస్త్రీ


ప్రియమైన మీకు,

మళ్ళీ సభ జరిగింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒంటరివాళ్ళ ఇళ్ళకి గంట కట్టిద్దామని మాస్టారు అన్నారు. పడిపోయినవాళ్ళకి గంట ఎలా అందుతుందని టైలరు అడిగాడు. వారానికొకరు ఇంటింటికీ తిరగాలన్నారు కొందరు. మొదటి వారం నీదంటే నీదని అక్కడే మొదలైంది.

నేను లేచి, వీధి కుళాయి మళ్ళీ తెరవమన్నాను. ఇంట్లో నీళ్ళున్నా సరే, పొద్దున్నే ప్రతి ఇంటి నుంచీ ఒక బిందె వరసలోకి రావాలి. రాని బిందె ఇంటికి పక్కింటివాళ్ళు వెళ్ళాలి. "అది తెరిస్తే చివరి ఇంటికి నీళ్ళు ఎక్కవమ్మా, మీ ఆయనే కదా చెప్పాడు" అన్నారు పెద్దాయన. చివరి ఇల్లు మాదేనని చెప్పాను. ఆ మాటకి సభంతా నా పొట్ట వైపు చూసింది. పిండిమర వదిన లేచి, "దాని బిందె నేను మోస్తాను" అంది. నిజం చెబుతున్నా, నాకు భయంగానే ఉంది. అయినా మీరు సెలవు దొరికిన రోజున వచ్చి, మీ చేత్తో ఆ బిరడా ఊడదీయాలి.

ఇవాళ ఆసుపత్రికి వెళ్ళాను. పిన్ని సగానికి సగమైపోయింది. మంచం పక్కన కూర్చున్నాను కానీ నోరు పెగల్లేదు. కాసేపు చూసి, "ఏమే, గొంతు పోయిందా?" అంది. అంతే, ఏడుపు ఆగలేదు. ఆ రోజు నా మాటలు విన్నావా పిన్నీ అని అడిగేశాను.

"విన్నాను" అంది.

నేను తల వంచేసుకున్నాను.

"ముందు ఎవరి గొంతూ తెలియలేదు. తర్వాత నీది వినబడింది. హమ్మయ్య, అమ్మాయి వచ్చింది, ఇంక పరవాలేదు అనుకున్నా. నువ్వు తిట్టినంతసేపూ నాకు ధైర్యంగానే ఉంది. ఇదిగో తలుపు తోస్తుంది, ఇదిగో తోస్తుంది అని చూస్తూనే ఉన్నా. ఆ తర్వాత నీ గొంతు ఆగిపోయింది."

నేను చెయ్యి పట్టుకుంటే విదిలించలేదు. నర్సు వచ్చి వేళ అయిపోయిందంది. లేచి గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి పిలిచింది.

"ఇదిగో అమ్మాయ్, తిట్టడం మానకు. కానీ ఈసారి లోపలికొచ్చి తిట్టు."

మీ
కంచుగంట