బండల గనిలో వాన మొక్కు

కడప,
శ్రావణ శుక్రవారం.

అక్కకు నీ తమ్ముడు రంగన్న చేతులు జోడించి రాసుకునేది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ, బావా, అత్తా, పిల్లలూ చల్లగా ఉన్నారనీ, ఎనుము ఈనిందనీ అనుకుంటున్నాను.

నీ ఉత్తరం అందింది. అందులో ఓబులేసు దగ్గు గురించే సగం కాగితం రాశావు. మిరియాల కషాయం తాగించమన్నావు, చన్నీళ్లు ముట్టనివ్వద్దన్నావు. నాకు దగ్గు రాకపోవడం నా తప్పేననుకో. నీ మరిదికి కషాయం నేనే కాచి ఇచ్చాను. దగ్గు తగ్గింది. వాడు బాగున్నాడు. నాకంటే బాగున్నాడు. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

నందికొట్కూరు వదిలి మేమిద్దరం ఈ బండల గనిలో చేరి ఏడాది దాటింది కదా. నేను గుమాస్తాని, వాడు బండ్లకు బండలెత్తించే మనిషి. పగలు కాగిన రాయి పొద్దుగూకినా సెగ వదలదు. కొర్రన్నం మనకు కొత్తేమీ కాదు గనుక తిండికి ఇబ్బంది లేదు, దిగులు పడకు. సాయంత్రమైతే మా గది ముందు పదిమంది చేరతారు, వాడి మాటలకు నవ్వడానికి. వాళ్ల మధ్యే కూర్చుంటాను గానీ నాతో మాట్లాడేవాడు ఒక్కడూ ఉండడు. వాడు నాకంటే రెండేళ్లు చిన్న. ‘బావా’ అని పిలుస్తూనే నా పక్కనుంచి మనుషులందరినీ లాగేసుకుంటాడు.

మా షావుకారుకు భారత రామాయణాలంటే ప్రాణం. తింటే గారెలు తినాలి, వింటే భారతం వినాలంటారు కదా, ఈయన ప్రతి శనివారం తన పంచలో రెండూ పెడతాడు. కాకపోతే కథను కథగా పోనివ్వడు, ప్రతి ఘట్టంలోనూ వ్యాపారం వెతుకుతాడు. “కృష్ణుడు రథం తోలినాడు గానీ బాణం ముట్టినాడా? యజమానైనోడు పగ్గాలు పట్టుకోవల్ల. బండలెత్తనీకి దిగకూడదు” అంటాడు. “ధర్మరాజు తనది కానిది పందెంలో ఒడ్డినాడు, ఆడనే చెడినాడు” అంటాడు. చూసి రమ్మంటే కాల్చి వచ్చిన హనుమంతుడి లాంటివాడు ఒక్కడు దొరికితే చాలునంటాడు.

ఆ ఒక్కడి కోసమే ఆయన వెతుకులాట. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి అక్కడి కట్టడాలకు ఎన్ని బండలు పంపినా చాలడం లేదు. అక్కడే ఒక కొట్టు పెట్టి, దానికి ఒకరిని పెద్దగా ఉంచి, లాభంలో భాగం ఇస్తానన్నాడు. అది నాకో ఓబులేసుకో అని గనిలో అందరికీ తెలుసు. అక్కా, ఆ కొట్టు నాకే రావాలని ఎంత ఆశపడ్డానో చెబితే నవ్వుతావు. లాభం మాట అటుంచు. కర్నూలైతే ఒక్క పూటలో బస్సెక్కి నీ దగ్గరికి రావచ్చు.

ఆషాఢంలో ఒక శనివారం షావుకారు నన్ను చదవమన్నాడు. నాకు నచ్చిన పర్వం చదివి, అందులో మన పనికి పనికొచ్చేది చెప్పమన్నాడు. ఇది పరీక్ష అని నాకు వెంటనే తెలిసింది. విరాటపర్వం ఎంచుకున్నాను. రాజులైనవాళ్లు ఇంకొకరి కొలువులో చేరి, గొప్ప చూపించకుండా చెప్పిన పని చేశారు, అదే కొలువు ధర్మం అని చెప్పాలని నా ఆలోచన. చెప్పాను కూడా. నా గొంతు ఆ రోజు పలికినట్టు ఎన్నడూ పలకలేదు. షావుకారు కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు. ఓబులేసు గోడకానుకుని కునుకు తీస్తున్నాడు. కర్నూలు నా చేతిలో ఉందనుకున్నాను.

ఆ సంబరంలో ఒళ్లు మరిచాను. మన ఊళ్లో విరాటపర్వం చదివేదే వాన కోసం కదా. ఏటా చదివిన అలవాటు ఎక్కడికి పోతుంది? చదవడం అయిపోగానే లేచి, ఆకాశానికి చేతులెత్తి, గుంటలు నిండేలా కురిపించు తండ్రీ అని గట్టిగా మొక్కాను.

పంచలో కూర్చున్నదంతా గని కూలీలే. గనిలో నీళ్లు నిలిస్తే పని నిలుస్తుంది, పని నిలిస్తే కూలి ఉండదు. రాళ్లు మోసే సాలమ్మ ముందుగా నోరు విప్పింది. “ఏం మొక్కుతాండావప్పా నువ్వు? గుంటలంటే యాడివి, మా గని గుంటలే గదా. మా నోట్లో మట్టి కొట్టనీకా?”

నేను నవ్వేసి తప్పించుకోవాలని చూశాను. సోమవారం వాన వచ్చింది. అక్కా, మన ఊళ్లో అన్నేళ్లు గొంతు చించుకుంటే రాని వాన, వద్దన్నచోట కుండపోతగా వచ్చింది. తెల్లారి చూస్తే గని నిండు చెరువు. కూలీలంతా గట్టు మీద కూర్చుని నన్ను చూస్తున్నారు. నేను తల దించుకుని, నీళ్లు తోడే ఇంజను ఎక్కడైనా దొరుకుతుందేమో కనుక్కోవడానికి కడప ఊళ్లోకి పోయాను. దొరకలేదు.

ఆ ఒక్క వాన తర్వాత మళ్లీ మబ్బు పట్టలేదు. నాలుగు ఎండలు కాసేసరికి గని చుట్టూ వేరుశనగ వాడిపోయింది. అప్పుడు నీ మరిది పొలాల్లోకి పోయి రైతులతో ఏమన్నాడో తెలుసా? “మా గనిలో నీళ్లు ఉండాయి. కావల్సినోళ్లు ఎద్దులు, కపిల బానలు తెచ్చుకుని తోడుకోండి. కాలవ మావోళ్లు తవ్వుతారు, వాళ్లకు జొన్నలు కొలవండి.” రైతులు పోటీ పడి వచ్చారు. ఎద్దులు తోలి, తోలు బానలతో రాత్రీ పగలూ తోడారు. పైరు బతికింది, కూలీలకు జొన్నలు దొరికాయి, గని ఆరింది, షావుకారుకు ఒక్క కానీ ఖర్చు లేదు.

మనం మాత్రం రైతుబిడ్డలం కామా? నీళ్లు చూసి ఏడ్చినవాణ్ణి నేను, ఇంజను వెతికినవాణ్ణి నేను. కపిల తోలిన చేతులు నావి కూడా. ఎందుకు తోచలేదో ఇప్పటికీ అర్థం కాదు.

అంతటితో ఊరుకున్నాడా? మట్టి పని మాకు చేతకాదని రాళ్లు కొట్టేవాళ్లు సణిగితే వాళ్లకు భారతం చెప్పాడు. “రంగబావ చదివింది ఇన్లేదా మీరు? నకులుడంతటోడు వంట చేసి బతికినాడు. నీళ్లు పోయిందాక మనదీ అజ్ఞాతవాసమే. పట్టండి పారలు.” అందరూ నవ్వి పారలు పట్టారు. అక్కా, వంట చేసింది భీముడు. నకులుడు గుర్రాలు చూసుకున్నాడు. కునికిపాట్లు పడుతూ విన్నవాడికి భీముడెవరో నకులుడెవరో తెలియదు, అయినా పాఠం మాత్రం వాడికే అబ్బింది. నా ఒళ్లు మండిపోయింది. తప్పు దిద్దబోయాను, వినేవాడు లేడు.

పోయిన శనివారం షావుకారు అందరి ముందూ ఓబులేసు భుజం మీద చెయ్యి వేసి, “లంకకు పంపించదగినోడు వీడే” అన్నాడు. వాన మొక్కింది నేను, పంట కోసుకున్నది వాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడం ఎందుకు?

అప్పుడు వాడేమన్నాడో విను. “నా నోట్లో ఒక్క పద్యమూ నిలబడదు సామీ, లెక్కలు అసలే నిలబడవు. రంగబావ తోడొస్తే పోతా, లేకుంటే నాకొద్దు.” అంతా వాడి మనసెంత మంచిదోనని పొగిడారు. కొట్టు పోతే పోయింది, మంచివాడనిపించుకునే వంతు కూడా నాకు మిగల్చలేదు.

వస్తానన్నాను. వాడి మీద ప్రేమతో అనుకునేవు, కాదు. వాడొక్కడే ఆదివారం ఆదివారం నీ గడప తొక్కుతుంటే, ఇక్కడ ఈ రాళ్ల మధ్య కూర్చుని నేను ఓర్చుకోలేను. అందుకని వాడి కింద పనికి పోతున్నాను. దశమి నాడు బయలుదేరుతున్నాం. ఈ వార్తకు నువ్వు సంతోషపడతావని తెలుసు. పడు, కానీ నా ముందు మరీ ఎక్కువ పడకు.

మాకు శనక్కాయల పొడి కొంచెం కొట్టి ఉంచు. కారం తక్కువ వెయ్యి, వాడికి మళ్లీ దగ్గొస్తుంది. అత్త కాళ్లకు నా దండాలు, బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. మా ఇద్దరి తలల మీదా నీ దీవెన ఉండాలి.

ఇంకొక్క మాట. కర్నూల్లో వాడు నాకు పెద్ద. వాడు చెబుతాడు, నేను చేస్తాను. అది నేను ఒప్పుకున్నాను. నీ ఇంట్లో విస్తళ్లు వేసినప్పుడు మాత్రం, అక్కా, అన్నం మొదట నాకు పెట్టు.

నీ దీవెనలు కోరే తమ్ముడు,
రంగన్న