మూకీ బొమ్మ ఆడుతుండగా

11 మే 2003, కవిటి



ఈ సాయంత్రం చర్చి ఆవరణలో తెర కట్టి, పాత మూకీ హాస్య చిత్రం వేశాను. ఆ దర్శకుడు కెమెరాను దూరంగా నిలబెట్టి, దెబ్బ తినేవాడిని నిలువెత్తుగా చూపిస్తాడు. ముఖం దగ్గరికి వెళ్లడు, నెత్తురు చూపించడు. పడినవాడు బట్టలు దులుపుకుని లేస్తాడు. అందుకే జనం పగలబడి నవ్వారు. మా అక్క కూడా నవ్వింది.

పక్కనే తాగి కూర్చున్న బావకు అది గిట్టలేదు.

"మొగోడు తన్నులు తింతంటే నీకు నవ్వొత్తందేటే?" అంటూ జుట్టు పట్టుకుని అక్క చెంప మీద కొట్టాడు. ఇంట్లో రోజూ కొట్టేవాడే, నలుగురిలో ఇదే మొదలు. నేను అడ్డం వెళ్లేలోపే అక్క తను కూర్చున్న ఇనప స్టూలు ఎత్తి అతని తల మీద వేసింది. వెనకవాళ్లు తెర వైపే చూస్తూ ఇంకా నవ్వుతున్నారు.

బావ లేవలేదు. ఇసకంతా నెత్తురు.

"బొమ్మలో అందరూ లెగిసిపోతన్నారు కదరా తమ్ముడా, ఈడు లెగడేటి?" అంది అక్క.

ఆటోలో పలాస ఆసుపత్రికి తీసుకెళ్లాను. కుట్లు వేశారు, బతికాడు. కళ్లు తెరవగానే, "అదెక్కడ? సంపేత్తాను" అన్నాడు.

అక్క ఇప్పుడు నా గదిలో పడుకుంది. పెళ్లయ్యాక ఆమె ఇంత గాఢంగా నిద్రపోవడం నేను చూడలేదు. తెల్లారితే బావ తమ్ముళ్లు వస్తారు. కొబ్బరికాయలు కొట్టే కత్తి తలుపు పక్కన పెట్టుకున్నాను. ఎత్తవలసి వస్తే నా చెయ్యి లేస్తుందో లేదో...