జాబితాలో నాలుగో పేరు

ఇల్లినాయ్ రాష్ట్రం, అరోరా నగరవాసిని, కొడమంచిలి శేషగిరి గారి కుమారుణ్ణి, తేజేశ్వర్ అను నేను, నలభై నాలుగేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ బోధనా లేకుండా, నా చేతిరాతతో రాస్తున్న వీలునామా ఇది. వచ్చే మంగళవారం నా గుండెలో కవాటం మారుస్తారు. చెడినది కవాటమే. మతి నిక్షేపంగా ఉంది. దాని మీద అనుమానం ఉన్నవాళ్లు 2003 నుంచీ ఉన్నారు. వాళ్ల కోసం మరోసారి రాస్తున్నాను: నిక్షేపంగా ఉంది.

లాయరు తయారుచేసిన ఇంగ్లీషు ప్రతి కోర్టు కోసం. ఇది నా వాళ్ల కోసం. తెనాలిలో అయిదో తరగతి దాకా తెలుగులో చదువుకున్నాను, అక్షరాలు మరచిపోలేదు. పైగా ఇంగ్లీషులో నా గురించి రాయదలచుకున్నవాళ్లు ఇప్పటికే చాలా రాశారు.

1. నా భార్య శ్రీవిద్యను ఈ వీలునామాకు అమలుకర్తగా నియమిస్తున్నాను. ఇల్లు, కార్లు, బ్యాంకులో ఉన్నదీ, రిటైర్మెంటు ఖాతాలో ఉన్నదీ, కింద విడిగా పేర్కొన్న వస్తువులు మినహా నా యావదాస్తీ ఆమెకు సర్వహక్కులతో చెందాలి. మా అమ్మ కృష్ణకుమారి బతికున్నంతకాలం ఈ ఇంట్లోనే, కింది అంతస్తులో ఎండ పడే గదిలోనే ఉండాలి. ఈ విషయంలో ఎవరూ అమ్మ అభిప్రాయం అడగొద్దు. అడిగితే "నాకెందుకమ్మా అంత గది" అంటుంది.

2. ఈ ఆస్తితో పాటు ఒక పేరు కూడా నా వారసులకు వస్తుంది కనుక, అది ఎలా వచ్చిందో రాసి పెట్టడం అవసరం.

నేను ఫుట్‌బాల్ ఆటగాణ్ణి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో రెండు పొడవాటి స్తంభాల మధ్యనుంచి బంతి పోయేటట్టు తన్నే కిక్కర్‌ని. ఏటా ఏప్రిల్‌లో జట్లన్నీ ఏడు రౌండ్లలో, వరసగా యూనివర్సిటీ ఆటగాళ్లను ఎంచుకుంటాయి, దాన్ని డ్రాఫ్ట్ అంటారు. కిక్కర్లను సాధారణంగా చివర్లో తీసుకుంటారు, లేదా అసలు తీసుకోరు. 2003లో నన్ను రెండో రౌండ్‌లోనే తీసుకున్నారు. మా హాల్లో నలభై మంది ఉన్నారు. అమ్మ పులిహోర కలిపింది. ఇంజనీరింగ్ చదవలేదని నాలుగేళ్లు నాతో ముభావంగా ఉన్న నాన్న ఫోను మోగగానే వంటింట్లోకి వెళ్లి ఏడ్చాడు. టీవీలో మాట్లాడే ఆయన మాత్రం "రెండో రౌండ్‌లో కిక్కరా? వీళ్లకేమైనా పిచ్చా?" అని నవ్వాడు.

ఆ సీజన్‌లో పదకొండు ఆటలు ఆడాను. ఇరవై ఒక్క కిక్కుల్లో పది తప్పాను. ఆఖరిది ఇరవై తొమ్మిది గజాలనుంచి. హైస్కూలు పిల్లలు కొట్టే దూరం. బంతి కుడి స్తంభానికి తగిలింది, ఆట పోయింది. మంగళవారం పొద్దున్న జట్టులోంచి తీసేశారు. తుంటి నొప్పి వల్ల తప్పానని తర్వాత కొందరు దయగలవాళ్లు రాశారు. నాకు తుంటి నొప్పి లేదు. భయం వేసింది. ఇరవై మూడేళ్లవాడికి డెబ్భై వేల మంది ముందు భయం వేసింది. ఈ వాక్యాన్ని ఎవరూ దిద్దకూడదు.

3. డ్రాఫ్ట్ చరిత్రలో అతి చెడ్డ ఎంపికలంటూ ఏటా ఏప్రిల్‌లో జాబితా వేసే పత్రికా రచయితకు: ఏమీ లేదు. ఆయన ఇరవై రెండేళ్లుగా నా పేరు వేస్తూ పొట్టపోసుకుంటున్నాడు, అది చాలు. నేను పోయాక ఆ జాబితాలోంచి నా పేరు తీసెయ్యమని నా కుటుంబంలో ఎవరూ ఎవరినీ అడగకూడదు. నా కూతురు అనుష్క పదేళ్లప్పుడు స్కూల్‌నుంచి వచ్చి "డాడీ, ఇంటర్నెట్‌లో యు ఆర్ నంబర్ ఫోర్!" అంది. వెంటనే, "మిగతా ముగ్గురు ఏం చేశారు?" అని అడిగింది. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఆ ముగ్గురి గురించీ చదివాం. ఒకాయన ఒహాయోలో రొట్టెల దుకాణం నడుపుతున్నాడు. బాగున్నాడు.

4. మా నాన్న స్నేహితుడు రాజ్ అంకుల్‌కు: ఆయన నాకు తెచ్చిచ్చిన చొక్కా. సంగతి ఇది. 2004లో గుడి క్యాంటీన్‌లో అందరి ముందూ ఆయన మా నాన్నతో "మావాడు మాస్టర్స్ చేసి మేనేజర్ అయ్యాడండీ. మీవాడికి పాపం బాల్ కూడా సరిగ్గా తన్నడం రాలేదు" అన్నాడు. నాన్న ప్లేటు కింద పెట్టి కారెక్కాడు. ఆ తర్వాత ఆరేళ్లు, అంటే పోయేదాకా, ఆ గుడికి వెళ్లలేదు. 2012లో రాజ్ అంకుల్ నా పేరున్న చొక్కా కొనుక్కొచ్చి, మనవడి కోసం సంతకం పెట్టమన్నాడు. లోపలికెళ్లి సంతకం పెట్టి తెస్తానని తీసుకున్నాను, మళ్లీ బయటికి రాలేదు. అది అల్మారాలో పై అరలో ఉంది. సంతకం లేకుండా, ఇస్త్రీ చేసి తిరిగి ఇవ్వాలి. చనిపోయేవాళ్లు అందరినీ క్షమించాలని ఎక్కడా చట్టం లేదు. లాయరుని అడిగాను.

5. మా అమ్మకు: తన పాత నేత చీరతో కుట్టిన బంతుల సంచి. బంతులు హైస్కూలు జట్టుకి ఇవ్వండి, సంచి అమ్మకే.

జట్టు తీసేశాక మూడు నెలలు నేను గది దాటి రాలేదు. ఒక ఆదివారం నాన్న తలుపు కొట్టి "పార్క్‌కి వెళ్దాం రా" అన్నాడు. అంతే అన్నాడు. ఆయన ఫుట్‌బాల్ చూసి ఎరగడు. ఆఫీసు బూట్లతోనే గోల్ స్తంభాల వెనక గడ్డిలో నిలబడి, నేను తన్నిన ప్రతి బంతినీ ఏరి సంచిలో వేసి మోసుకొచ్చేవాడు. తప్పినా, పడినా ఒకటే మాట. "ఇంకో పది కొట్టు, తర్వాత భోంచేద్దాం." ఆరేళ్లు ఆదివారాలన్నీ అంతే. 2010 ఫిబ్రవరిలో గుండెపోటుతో పోయాడు. నేను మళ్లీ ఆడడం చూడలేదు. తర్వాత పత్రికలవాళ్లు నా బతుకు 2012లో ఒక్క కిక్కుతో బాగుపడిందని రాశారు. అబద్ధం. అది ఆ పార్కులో బాగుపడింది, చూసినవాడు ఒక్కడే.

6. శ్రీవిద్యకు, పైన చెప్పిన ఆస్తికి అదనంగా: నేను ఎప్పుడూ నోటితో చెప్పని కృతజ్ఞత.

2007లో నేను ల్యాబులకు రక్తం శాంపిల్స్ చేరవేసే వ్యాన్ నడిపేవాణ్ణి. ఆమె ఒక ల్యాబులో టెక్నీషియన్. రోజూ పెట్టెలు చూసుకుని సంతకం పెట్టేది. నేనెవరో తెలిశాక అందరూ "ఎందుకు తప్పావు?" అని అడిగేవారు. ఆమె "మరి ఎందుకు మానేశారు?" అంది. మానలేదు, ఆదివారాలు ప్రాక్టీస్ చేస్తున్నానన్నాను. "ఎవరికి తెలుసు ఆ సంగతి?" అంది. పెళ్లయ్యాక ఏడు చోట్ల ట్రైఔట్‌లకు, అంటే జట్ల ఎంపిక పరీక్షలకు, పంపింది, ఏడు చోట్లా వద్దన్నారు. ఎనిమిదోసారి నేను వెళ్లనన్నాను. "టికెట్ బుక్ చేశానండీ, నాన్‌రిఫండబుల్" అంది.

ఆ ఎనిమిదో జట్టువాళ్లూ అప్పుడు వద్దన్నారు కానీ నంబరు రాసుకున్నారు. 2012 నవంబరులో వాళ్ల కిక్కర్ మోకాలు మెలితిరిగింది, బుధవారం ఫోన్ చేశారు. ఆదివారం ఆట. తొమ్మిదేళ్ల తర్వాత నా మొదటి కిక్కు, ముప్ఫై మూడు గజాలు, తప్పాను. స్టేడియం మొత్తం గేలి చేసింది. పెద్ద తెర మీద 2003 స్తంభాన్ని మళ్లీ చూపించారు. కోచ్ హిగ్గిన్స్ నా పక్కకొచ్చి "కాఫీ తాగావా?" అని అడిగాడు. లేదన్నాను. "తాగు. మళ్లీ నువ్వే కొట్టాలి, నాకు ఇంకెవరూ లేరు" అన్నాడు. ఆట ముగియడానికి రెండు సెకన్లు, నలభై ఏడు గజాలు, ఎదురుగాలి. కాళ్లు వణుకుతున్నాయి. 2003లో ఎంత వణికాయో అంతే. తేడా ఒక్కటే: వణుకు తగ్గాక కొడదామని ఈసారి చూడలేదు. బంతి స్తంభాల మధ్యనుంచి వెళ్లింది. ఆ తర్వాత మరో నాలుగు సీజన్లు ఆడాను. కొన్ని తప్పాను, చాలా కొట్టాను. ఆ కిక్కు కొట్టిన రోజు ఫోన్‌లో అమ్మ ఏడుస్తుంటే శ్రీవిద్య వెనకనుంచి "భోంచేశారా?" అని అరిచింది.

7. నా కూతురు అనుష్కకు: నా పుస్తకాలు, వాచీ, నీలం కారు, లైసెన్సు వచ్చాక. కిక్కర్ కావలసిన అవసరం లేదు. పోయిన ఫిబ్రవరిలో నువ్వు డిబేట్ పోటీలో మాట రాక స్టేజి దిగి వచ్చి, కార్‌లో నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, అది తప్పు. ఆరో నిబంధన అమ్మతో రెండుసార్లు చదివించుకో. వచ్చే ఏడు మళ్లీ పేరు ఇవ్వు. ఇవ్వకపోయినా నా ఆస్తిలో నీ భాగం తగ్గదు. కానీ ఇవ్వు.

8. నా అంత్యక్రియల దగ్గర "పాపం" అన్న మాట ఎవరూ వాడకూడదు. పత్రికలవాళ్లు ఫోన్ చేస్తే శ్రీవిద్య తీయనక్కర్లేదు. ఆ వారం అనుష్కకు పరీక్షలుంటే పరీక్షలకు పంపాలి.

9. మంగళవారం ఆపరేషన్ అయి, శుక్రవారానికి నాకు మెలకువగా ఉంటే, ఆసుపత్రి గదిలో టీవీ పెట్టండి. ఆ రోజు డ్రాఫ్ట్‌లో రెండో రౌండ్. ఏ జట్టైనా కిక్కర్‌ని తీసుకుంటే ఆ కుర్రాడి ఫోన్ నంబరు ఎలాగైనా సంపాదించి నాకివ్వండి. నేను లేకపోతే శ్రీవిద్యే ఫోన్ చెయ్యాలి. ఏం చెప్పాలో ఆమెకు తెలుసు.

పై సంగతులన్నీ నా ఇష్టపూర్వకంగా రాసి, చదువుకుని, ఒక్క మాటా కొట్టివేయకుండా సంతకం చేస్తున్నాను.

అరోరా, 2025 ఏప్రిల్ 16, బుధవారం.

(సం.) కొడమంచిలి తేజేశ్వర్

సాక్షులు, ఈ ఆస్తిలో ఏ భాగమూ లేనివారు:
1. వి. అఖిల్, పక్కింటివారు
2. ఎం. ఛాయాదేవి, హైస్కూలు లైబ్రేరియన్