గుండె చప్పుడు వినాలంటే

నిషితా,

లేవంగనే ముందుగాల చాయ్ తాగు, ఆ తర్వాతనే కంప్యూటర్ పెట్టు. స్కాన్ సెంటరోళ్లిచ్చిన పెన్‌డ్రైవ్ దానికే ఉన్నది, తియ్యకు. వీడియో నడుస్తుంటె కింద కుడిపక్క స్పీకర్ బొమ్మ నొక్కు. అండ్ల రెండు పేర్లు కనిపిస్తయి. నిన్న అది టీవీ పేరు మీద ఉండె. ఆవాజంతా టీవీకి పోయింది, టీవీ ఏమో బంద్ ఉండె. రెండో పేరు నొక్కితె మన స్పీకర్లకొస్తది.

బొమ్మ కదిలి చప్పుడు రాకపోయెసరికి నువ్వు ఏడ్చుకుంట పండుకున్నవు. కడుపుల ఉన్న మన బిడ్డకు ఏం కాలే. "డాక్టరమ్మ మంచిగున్నదన్నది గదా, ఇగ ఏంది నీ పరేషాన్" అని నీ మీద గరమైన. తప్పే. కంపెనీల సెలవియ్యక నీ ఎంబడి స్కాన్‌కు రాలేకపోతి, ఆ కోపం నీ మీద తీసిన.

తెల్లారంగ లేచి నేను విన్న. దూరంగ ఎవరో కుట్టుమిషన్ ఆగకుండ తొక్కుతున్నట్టున్నది. కండ్లు మూసుకుంటె ఇల్లంతా ఆ చప్పుడు మీద మెల్లగ తేలుతున్నట్టనిపించింది. కిటికీ అవతల గడ్డపోతారం దిక్కు మంచుల ఏం కనిపిస్తలేదు, కంపెనీల గోడలు లేవు, పొగ గొట్టాలు లేవు. మూడుసార్లు పెట్టుకున్న. సందు కాడ కంపెనీ బస్సు హారన్ కొడుతున్నది, నాకేమో లేవబుద్ధయితలేదు.

పోతున్న.
శ్రావణ్

నిన్ను ఎందుకు లేపలేదని అడుగుతవు. నాకు సుత భయమే ఉండె. నిజంగనే చప్పుడు లేకపోతె, ఆ సంగతి ముందుగాల నాకే తెలవాలని ఒక్కన్నే విన్న.