మీరొచ్చినా నేను లేవని సంగతి

మామయ్యగారికి,

వంగే స్థితిలో లేను కనుక కూర్చునే పెడుతున్న నమస్కారాలు.

మొన్న ఆదివారం మీరు గుమ్మంలోకి వచ్చినా నేను సోఫాలోంచి లేవలేదని మీ మనసు నొచ్చుకుంది. కాఫీ కూడా ముట్టకుండా వెళ్లిపోయారు. అప్పటినుంచీ మీ అమ్మాయి నాతో మాట్లాడటం లేదు. అది పొగరు కాదండీ, తొడలు పట్టేశాయి.

వచ్చే నెల బాడీబిల్డింగ్ పోటీలో దిగుతున్నాను. ఈ వయసులో ఇదేం పిచ్చి అంటారని మీకు చెప్పలేదు. శనివారం జిమ్‌లో నూట ఎనభై కిలోలు భుజాల మీద పెట్టుకుని ఐదు గుంజీలు తీశాను. మీరు హెడ్మాస్టరుగా పిల్లల చేత తీయించినవే, బరువొక్కటే తేడా. ఇదివరకెప్పుడూ నేను నూట అరవై దాటలేదు. నాలుగోదానికే కాళ్లు వణికాయి.

"చాలు, దించెయ్" అన్నాడు కోచ్.

"ఇంకొక్కటి" అన్నాను. ఆ ఒక్కటే నా కొంప ముంచింది.

మీరు వెళ్లిపోతుంటే ఎలాగో లేచి మీ వెనకే వచ్చాను. రెండు మెట్లు దిగి మూడోదాని మీద కూలబడ్డాను. "మామయ్యగారూ!" అని కేక వేసేలోగా మీ ఆటో మలుపు తిరిగిపోయింది.

ముందే చెప్పకపోవడం నా తప్పే, క్షమించండి. పోటీకి మీరూ అత్తయ్యగారూ తప్పకుండా రావాలి. మా అమ్మానాన్నలు లేరు కదా, ముందు వరుసలో ఇంటి పెద్దలకు ఇచ్చే రెండు సీట్లకూ మీ పేర్లే రాయించాను.

ఒక్క మనవి. స్టేజీ మీద నేను జానెడు చెడ్డీతో నిలబడతాను. ఆ సంగతి అత్తయ్యగారికి మీరే మెల్లగా చెప్పి తీసుకురండి. నాకంత ధైర్యం లేదు.

మీ అల్లుడు